పాత స్పోర్ట్స్ కార్ కొంటున్నరా, బెల్ట్ బిల్లు అడుగుండ్రి

హన్మకొండ దోస్తులు ఎవరన్న పాత స్పోర్ట్స్ కార్ చూసినం అని ఫోన్ చేస్తే టైమింగ్ బెల్ట్ (ఇంజన్ల పిస్టన్లు, వాల్వులు ఒక్క తాళం మీద నడిచేటట్టు చేసే పండ్ల పట్టా) ఎప్పుడు మార్చిన్రు, బిల్లు ఉన్నదా అనే మొదలు అడుగుత. మీటర్ల కిలోమీటర్లు తక్కువే ఉన్నయి కదా అంటరు, గని అది రబ్బరు, షెడ్డుల నిలవెట్టినా ఏండ్లకేండ్లు అయితే గట్టిపడతది, మన ఓరుగల్లు ఎండలకు ఇంకా జల్ది.

పోర్షే 944 నే తీస్కోండ్రి, 1980లల్ల బండి, టైమింగ్ బెల్ట్ కాకుండ ఇంజన్ అదురుడు తగ్గిచ్చే బ్యాలెన్స్ షాఫ్టులకు ఇంకో బెల్ట్ ఉంటది, అది తెగి మెయిన్ బెల్ట్‌ల ఇరుక్కున్నా ఇంజన్ ఖతమే, ఎందుకంటే ఇంటర్ఫియరెన్స్ ఇంజన్, టైమింగ్ తప్పితే పిస్టన్లు వాల్వులకు గుద్దుకుంటయి, వాల్వులు వంగుతయి, ఇంజన్ మీది హెడ్ దించాల్సిందే.

కవర్ తీపిచ్చి టార్చ్ కొట్టి చూడుండ్రి. బెల్ట్ పండ్ల మొదట్ల సన్న పగుళ్లు, అంచులకు దారాలు లేసుడు, క్యామ్ సీల్ (వాల్వులు తెరిసే షాఫ్టు కాడ ఆయిల్ కారకుండ ఆపే రింగు) కాడ ఆయిల్ తడి. ఆయిల్ తాగిన బెల్ట్‌తోని బండి అస్సలు నడపొద్దు. కొత్త బెల్ట్ ఏసి, అది తిరిగే రోలర్లు, వాటర్ పంపు పాతయే ఉంచుడు నాకు నచ్చని పని, 944ల ఆ పంపు తిరిగేది గూడ అదే బెల్ట్ మీద. స్టార్ట్ కొట్టకముందే క్రాంక్‌ను (పిస్టన్లు తిప్పే మెయిన్ షాఫ్టును) చేత్తోని రెండు చుట్లు తిప్పిచ్చి టైమింగ్ మార్కులు కలిసినయా చూసుకోండ్రి, కొంచెం తిరిగినంక బెల్ట్ టెన్షన్ (బిగువు) మళ్ల చెక్ చేపియ్యుండ్రి.