ఫొటోలో ఒక గీత

ఆ ఫొటో ఐదు డాలర్లకి మా ఇంటికొచ్చింది. అమెరికాలో, మినియాపొలిస్ పక్కన ప్లిమత్‌లో ఉంటాం. మా వీధి చివర ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ యార్డ్ సేల్ పెట్టారు. పాత గిన్నెల పక్కన, గోడకి ఆనించి ఉంది. నలుపు తెలుపు ప్రింటు, మూరెడు వెడల్పు కూడా ఉండదు. నిట్టనిలువు రాతిగోడ, దాని కొసన పొట్టిగా ఒక లైట్‌హౌస్, కింద నల్లటి నీళ్లు. సముద్రమే అనుకున్నాను. వెనక అట్ట మీద పెన్సిల్‌తో 'స్ప్లిట్ రాక్' అని రాసుంది. అది సముద్రం కాదు, సుపీరియర్ సరస్సు.

హాల్లో తగిలించాక ఒక లోటు కనిపించింది. నీటి అంచు నుంచి కొండ పైదాకా ఏటవాలుగా ఒక సన్నటి గీత, ఎవరో గోరుతో గీరినట్టు. ఫ్రేముల షాపులో చూపిస్తే, స్కాన్ చేసి గీత చెరిపేసి కొత్త ప్రింటు తీసిస్తామన్నారు. సరేనని ఇచ్చేసి వచ్చాను.

గోడ ఖాళీ అయ్యేసరికి ఆ చోటు చూడాలన్న కోరిక ఇంకా పెరిగింది. నవంబరు 10 సాయంత్రం అక్కడ దీపం వెలిగిస్తారనీ, చీకటి పడ్డాక పైకి ఎక్కనిస్తారనీ తెలిసింది. ఆ ఏడు అది ఆదివారం. కార్తీకమాసం కూడా. పొద్దున్నే పులిహోర కట్టుకుని మావారూ, నేనూ, పాపా బయల్దేరాం. డులూత్ దాకా పెద్దగా చూడ్డానికేం లేదు. అక్కడ రోడ్డు కొండ దిగుతుంటే ఒక్కసారిగా సరస్సు కళ్లనిండా పరుచుకుంటుంది. అవతలి ఒడ్డంటూ కనిపించదు. అక్కణ్నుంచి 61వ నంబరు రోడ్డు ఒడ్డు వెంటే గంటసేపు సాగుతుంది.

నీళ్లకి 130 అడుగుల ఎత్తున ఉంది ఆ రాతి అంచు. దాని మీద ఎనిమిది పలకల ఇటుక బురుజు, 54 అడుగులు. అంతే. ఇంత చిన్నదా అంది పాప. కొండే అంత ఎత్తు ఇస్తుంటే బురుజు పొడుగ్గా ఎందుకమ్మా అన్నాను.

1905 నవంబరు 28న ఈ సరస్సు మీద వచ్చిన తుఫానుకి 29 ఓడలు దెబ్బతిన్నాయి. మటాఫా అనే ఓడ డులూత్ రేవు ముందే చిక్కుకుపోయింది. ఒడ్డున జనం మంటలు వేసుకుని చూస్తుండగానే, వెళ్లే దారిలేక, అందులో తొమ్మిదిమంది చలికి చనిపోయారు. స్ప్లిట్ రాక్ పక్కనే మదీరా అనే బార్జి, అంటే వేరే ఓడ లాక్కెళ్లే సరుకు పడవ, రాతికి కొట్టుకుని ముక్కలైంది. ఆ తర్వాతే ఇక్కడ దీపం కావాలని డబ్బు మంజూరైంది. 1910 జూలై 31న వెలిగించారు. నవంబరు, తుఫాను అన్న రెండు మాటలూ పక్కపక్కన చదివితే నాకు గొంతు పట్టేస్తుంది. మా అమ్మమ్మగారిది అవనిగడ్డ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి అమ్మ ఇప్పటికీ గొంతు తగ్గించే చెబుతుంది.

బురుజు పక్కనుంచి మెట్లు నీటిదాకా దిగుతాయి. దిగుతుంటే చెట్ల మధ్య వరసగా సిమెంటు దిమ్మెలు కనిపించాయి. పాతకాలపు లైట్‌హౌస్ కాపలాదారు యూనిఫాం వేసుకున్న మ్యూజియం ఆయన్ని అడిగాను. ఇక్కడికి 1924 దాకా రోడ్డు లేదట. ఇటుకా, ఇనుమూ, మనుషులు తినే బియ్యం గింజా, దీపానికి కిరోసినూ అన్నీ పడవలోనే రావాలి. మొదట క్రేనుతో కొండమీదికి లాగేవాళ్లు. 1916 నాటికి పట్టాలు వేసి, బండిని తాడుతో పైకి లాగడం మొదలుపెట్టారు. ఆ పట్టాలకి ఆధారమే ఈ దిమ్మెలు.

నేను అక్కడే నిలబడిపోయాను. నా ఫొటోలో గీత సరిగ్గా ఇక్కణ్నుంచే మొదలై, సరిగ్గా అక్కడికే వెళుతుంది.

సాయంత్రం నాలుగున్నరకి జనం గుమిగూడారు. 1975లో ఇదే రోజున ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే 729 అడుగుల ఓడ, ఇనుప ఖనిజం గుళికలతో డులూత్ పక్కనున్న సుపీరియర్ రేవు నుంచి వెళుతూ, సరస్సు తూర్పు కొసన మునిగిపోయింది. 29 మందిలో ఒక్కరూ మిగల్లేదు. ఒక్కొక్కరి పేరూ చదివి గంట కొట్టారు. 29 అయ్యాక ఇంకోసారి మోగింది. అది సుపీరియర్ లాంటి ఈ పెద్ద సరస్సులన్నిటిలో పోయిన మిగతా అందరికీ. పక్కన ఒక పెద్దాయన టోపీ తీసి గుండెకి ఆనించుకున్నారు. అప్పుడు పైన దీపం వెలిగింది.

నాకు మా శివాలయం గుర్తొచ్చింది. కార్తీకంలో చిల్లుల ఇత్తడి పాత్రలో దీపం పెట్టి, తాడుతో ధ్వజస్తంభం పైకి లాగే ఆకాశదీపం. తాడు లాగుతుంటే పాత్ర ఊగేది, వెలుగు చిల్లుల్లోంచి మా మొహాల మీద చుక్కలుగా పడేది.

వరసలో నిలబడి పైకెక్కాం. దీపం చుట్టూ ఉన్న గాజు కటకం చాలా పెద్దది. ప్యారిస్‌లో చేయించి తెచ్చారు. గాజు పట్టకాలు వలయాలుగా, ఒకదాని చుట్టూ ఒకటి అమర్చి ఉన్నాయి. గాజు అంచుల్లో సన్నగా ఇంద్రధనుస్సు రంగులు. అంత బరువూ పాదరసం మీద తేలుతుంది కాబట్టి చప్పుడు లేకుండా తిరుగుతుంది. గడియారంలో ఉన్నట్టే తూకపు గుండ్లు కిందికి దిగుతూ దాన్ని తిప్పుతాయి. ఆ రోజుల్లో రాత్రంతా రెండేసి గంటలకోసారి ఎవరో ఒకరు లేచి దానికి కీ ఇవ్వాలి. 1940లో కరెంటు బల్బు వచ్చేదాకా కిరోసిన్ దీపమే. 1969లో ఓడలకి దీని అవసరం తీరి ఆపేశారు.

తర్వాత టార్చి పట్టుకుని నైరుతి వైపు గులకరాళ్ల ఒడ్డుకి నడిచాం. ఫొటో తీసినాయన ఇటువైపునే నిలబడి ఉంటాడు. చలికి వేళ్లు మొద్దుబారాయి. పాప లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు... పది అనేసరికి వెలుగు మమ్మల్ని దాటి నీళ్ల మీదికి వెళ్లింది. మళ్లీ లెక్క. మళ్లీ పదికి. 22 మైళ్ల అవతల ఓడలో ఉన్నవాళ్లూ ఇలాగే లెక్కపెట్టుకుని, ఇది స్ప్లిట్ రాకేనని గుర్తుపట్టేవాళ్లట. మావారు వెళ్దామన్నా పాప కదల్లేదు. నేనూ కదల్లేదు.

సోమవారం షాపు తెరిచే టైముకి ఫోన్ చేశాను. పని ఇంకా మొదలుపెట్టలేదన్నారు.

"ఆ గీత తీయకండి. అవి పట్టాలు," అన్నాను.