కట్టర్ దిగిపోతాంది, చిన్నాయనా

సెలవు మీద ఊరికి వచ్చిన మూడో రోజే మా అన్న కొడుకు ఫోన్ చేశాడు. "చిన్నాయనా, కట్టర్ ఎత్తి పెడితే తనంతట అదే దిగిపోతాంది. రెండు జాకులకూ సీల్ కిట్ మార్చినా, అయినా నిలబడల్యా." పాత కోత మిషన్ చాపాడు దగ్గర కేసీ కాలువ కింద వరి చేలో ఆగి ఉంది. దాని ముందు పైరు కోసే భాగమే కట్టర్; దాన్ని ఆయిల్ ప్రెషర్‌తో ఎత్తేవి జాకులు, ఆ ఆయిల్ బయటికి కారకుండా ఆపేవి వాటి సీళ్లు. పైన మబ్బు, గట్టు మీద రైతులు. వాడి టెన్షన్ నాకు తెలుసు. సౌదీకి పోయిన కొత్తలో నేను చేసిన తప్పే వాడూ చేశాడు.

మా కడప వైపు నుంచి గల్ఫ్ అంటే ఎక్కువమంది కువైట్‌కే పోతారు. నాకు మెకానిక్ పని వచ్చు కాబట్టి సౌదీలో జౌఫ్ వైపు గోధుమ పొలాల్లో పని దొరికింది. ఎడారి మధ్యలో బోరు నీళ్లు, గుండ్రంగా తిరిగే పైపులు, వాటి కింద పచ్చటి చక్రాల్లాంటి చేలు. భూగర్భజలం తరిగిపోతోందని 2008లోనే అక్కడి ప్రభుత్వం గోధుమ సాగు తగ్గించాలని నిర్ణయించింది. తగ్గిపోయే పంటకు మా యజమాని కొత్త మిషన్లు కొనలేదు. ఉన్నవాటినే బతికించడం మా పని.

అక్కడ కట్టర్ దిగిపోతుంటే నేను మూడు రోజులు జాకులు విప్పి బిగించాను. చివరికి పాకిస్తానీ ఉస్తాద్ వచ్చి ఒకటే అడిగాడు: "జాకు బయట ఆయిల్ ఉందా?" లేదు. మరి జాకును ఎందుకు విప్పావు అన్నాడు. ఆ మాటకు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ కట్టర్ జాకులు ఒకవైపే ఆయిల్ తోసే రకం. సీలు పోతే రాడ్డు తడవాలి. పొడిగా ఉందంటే ఆయిల్, దాన్ని జాకులకు పంపి ఆపే వాల్వ్‌లోంచి వెనక్కి ట్యాంకుకు పోతోందన్నమాట.

చాపాడులోనూ అదే చూశాను. కట్టర్ కిందికి ఎవరూ పోకుండా చూసుకుని, దాన్ని పైకెత్తి, జాకు రాడ్డు మీద సుద్దతో గీత గీశాను. వాల్వ్ దగ్గర హోస్ మొదట్లో ప్రెషర్ తట్టుకునే బాల్ వాల్వ్ బిగించి ఉంది. దాన్ని మూస్తే కట్టర్ ఆగింది, తెరిస్తే దిగింది. జాకులు బాగున్నాయి.

కట్టర్‌ను నేలకు దించి, ఇంజిన్ ఆపి, లివర్ అటూ ఇటూ ఆడించి ప్రెషర్ వదిలాం. వాల్వ్ విప్పేముందు బయటి దుమ్మంతా కడిగించాను. ఆ దుమ్ము లోపలికి పోతే కొత్త రోగం తెచ్చుకున్నట్టే. వాల్వ్ లోపల అటూ ఇటూ జరిగే కడ్డీ, అదే స్పూల్, దాని చివర పిల్లోడు వేసిన ఓరింగ్ (రబ్బరు రింగు) ఆయిల్‌కు ఉబ్బి జిగురైంది. అది నీళ్ల కుళాయికి వేసే రింగు. అసలు దొంగ, ఆయిల్‌ను వెనక్కి పోనియ్యని చెక్ వాల్వ్ మూసుకునే సీటు మీద ఉంది: ఆవగింజలో సగం కూడా లేని ఇనుప రజను.

అంతలో వాడు స్పూల్‌ను గరుకు కాగితంతో రుద్దబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. "వద్దు నాయనా. అది దాని రంధ్రానికే సరిపోయేట్టు అరగదీసింది. రుద్దితే లీకేజీ పెరుగుతాది." సన్నగా కారే చోట వేలితో తడమొద్దని, అట్టముక్క పెట్టి చూడమని కూడా చెప్పాను. ఆ ప్రెషర్‌కు ఆయిల్ చర్మంలోకి దూరితే చెయ్యే పోవచ్చు.

సీటును డీజిల్‌తో కడిగి, ప్రొద్దుటూరు నుంచి తెప్పించిన, ఆయిల్‌కు తట్టుకునే నైట్రైల్ రబ్బరు రింగులు వేసి బిగించాం. కట్టర్ ఎత్తి, మళ్లీ గీత గీసి టీ తాగడానికి పోయాం. తిరిగొచ్చి వాడు వంగి చూశాడు. "గీత ఆడనే ఉంది, చిన్నాయనా!"

చీకటి పడేలోపు రెండెకరాలు కోశాడు.