వెండి, బంగారం పరమాణువులు ఒకే సైజులో ఎందుకున్నాయి?

మొన్న ఆదివారం మా అక్కావాళ్లింటికి వెళ్లాను. అక్క కూతురు ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. మర్నాడు కెమిస్ట్రీ స్లిప్ టెస్ట్ ఉందట, పుస్తకం పట్టుకుని హాల్లో అటూ ఇటూ తిరుగుతూ పైకి చదువుతోంది. "పీరియడ్‌లో ఎడమ నుంచి కుడికి పరమాణు వ్యాసార్థం తగ్గును, గ్రూపులో పై నుంచి కిందికి పెరుగును. అయనీకరణ శక్తి ఎడమ నుంచి కుడికి పెరుగును, పై నుంచి కిందికి తగ్గును." వంటింట్లో అక్కకు సాయం చేస్తున్న నాకు ఆ తగ్గునులూ పెరుగునులూ వినపడుతుంటే ఇరవై ఏళ్ల కిందటి హాస్టల్ స్టడీ అవర్ కళ్లముందుకొచ్చింది. అవే వాక్యాలు, అదే రాగం.

"ఎందుకు తగ్గుతుందే?" అని అడిగాను.

"అది టెస్ట్‌లో అడగరు పిన్నీ, ఎటు తగ్గుతుందో చెబితే చాలు" అంది.

మనసు చివుక్కుమంది. పిల్ల తప్పు కాదు, నేనూ ఈ పాఠాన్ని అలాగే చదివాను. నోట్సు చివరి పేజీలో మూలకాల ఆవర్తన పట్టిక (అడ్డ వరుస పీరియడ్, నిలువు వరుస గ్రూపు) గీసి దాని చుట్టూ బాణాలు వేసుకోవడం, ఆ బాణాలకు లొంగని మూలకాలను వేరే లిస్టుగా బట్టీ పట్టడం, ఎంసెట్ బిట్లన్నీ ఎక్కువగా ఆ లిస్టులోంచే వస్తాయని టెన్షన్ పడటం. బోరాన్‌కి అయనీకరణ శక్తి బెరీలియం కంటే తక్కువెందుకని ఒకసారి క్లాసులో లేచి అడిగితే "అది ఎక్సెప్షన్, రాసుకో" అన్నారు. రాసుకున్నాను. ఎక్సెప్షన్ అంటే కారణం లేనిది అనే అనుకున్నాను చాలాకాలం. ఎమ్మెస్సీకి వచ్చాకే తెలిసింది, బాణాలకీ ఎక్సెప్షన్లకీ కారణం ఒక్కటేనని. అది పదహారేళ్ల పిల్లలకి చెప్పలేనంత కష్టమైన సంగతేమీ కాదు. అందుకే పుస్తకం మూసి కూర్చోబెట్టాను.

కేంద్రకంలోని ప్రోటాన్లు బయటి ఎలక్ట్రాన్‌ను లోపలికి లాగుతుంటాయి. మధ్యలో ఉన్న ఎలక్ట్రాన్లు ఆ లాగుడికి అడ్డం పడుతుంటాయి. లాగుడులోంచి అడ్డు పోగా ఎంత మిగిలింది, ఆ ఎలక్ట్రాన్ ఎంత దూరంలో ఉంది, ఈ పాఠం మొత్తానికి చూడాల్సింది అదే. వినాయక చవితికి వీధిలో స్టేజీ ముందు జనం నిలబడతారు కదా. మన వరుసలో పక్కన ఉన్నవాళ్లు మనకి పెద్దగా అడ్డం రారు, ముందు వరుసల వాళ్లే అడ్డం. ఎలక్ట్రాన్ల సంగతీ అంతే, తన కర్పరంలోనే (షెల్, అంటే తన వరుసలోనే) ఉన్న తోటి ఎలక్ట్రాన్ కొద్దిగానే అడ్డుపడుతుంది, లోపలి కర్పరాల్లో ఉన్నవి గట్టిగా అడ్డుపడతాయి.

ఇది పట్టుకుంటే మొదటి బాణం దానంతట అదే వచ్చేస్తుంది. సోడియం దగ్గర 11 ప్రోటాన్లు, క్లోరిన్ దగ్గరికి వచ్చేసరికి 17. ప్రోటాన్ ఒక్కొక్కటే పెరుగుతోంది గానీ కొత్త ఎలక్ట్రాన్లన్నీ అదే మూడో కర్పరంలోకి, అంటే పక్కన నిలబడటానికే వస్తున్నాయి. లాగుడు పెరిగినంతగా అడ్డు పెరగట్లేదు. అందుకే సోడియం వ్యాసార్థం 186 పికోమీటర్లు (పికోమీటర్ అంటే మీటరులో లక్ష కోట్లో వంతు), క్లోరిన్‌ది 99. ఎలక్ట్రాన్లు పెరిగేకొద్దీ పరమాణువు ఉబ్బాలి కదా అనుకుంటాం, అది సగానికి కుంచించుకుపోతోంది! గ్రూపులో కిందికి దిగితే ప్రతి మెట్టుకీ కొత్త వరుస మొదలవుతుంది కాబట్టి లిథియం 152 నుంచి సీజియం 265 దాకా పెరుగుతూ పోతుంది. దూరంగా ఉన్నదాన్ని ఊడబెరకడం తేలిక (ఆ ఊడబెరకడానికి పట్టే శక్తే అయనీకరణ శక్తి), సీజియం నుంచి ఒక ఎలక్ట్రాన్ లాగేయడానికి మోల్‌కి 376 కిలోజౌల్స్ చాలు, క్లోరిన్ నుంచి అయితే 1251 కావాలి.

"మరి ఎక్సెప్షన్లు?" అంది. అప్పటికి పిల్ల నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

బెరీలియం అయనీకరణ శక్తి 899, దాని పక్కనే ఉన్న బోరాన్‌ది 801. పెరగాల్సిన చోట తగ్గింది. బోరాన్‌లో కొత్తగా వచ్చిన ఐదో ఎలక్ట్రాన్ 2పీ ఆర్బిటాల్‌లో చేరింది (ఆర్బిటాల్ అంటే కర్పరంలో ఎలక్ట్రాన్ ఉండే గది, 2ఎస్ అదే కర్పరంలో ముందే నిండిన గది). కర్పరం అదే అయినా కేంద్రకం దగ్గరిదాకా చొచ్చుకుపోవడం 2పీ వల్ల 2ఎస్ అంత బాగా కాదు, పైగా ఆ 2ఎస్ ఎలక్ట్రాన్లు రెండూ దీనికి కొంత అడ్డుపడతాయి. అంటే వచ్చినవాడికి దొరికిన చోటే కొంచెం వెనక, పట్టు తక్కువ. నైట్రోజన్ 1402, ఆక్సిజన్ 1314, అదింకో తగ్గుదల. నైట్రోజన్‌లో మూడు పీ ఆర్బిటాళ్లలో మూడు ఎలక్ట్రాన్లు తలా ఒకటిగా కూర్చున్నాయి, ఆక్సిజన్‌లో నాలుగోది వచ్చి ఒకదానితో గది పంచుకోక తప్పలేదు. రెండూ ఋణావేశాలే, ఒకదాన్నొకటి తోసుకుంటాయి, అందుకే బయటికి లాగడం తేలికైంది. ఇది రూలు తప్పడం కాదు, ఉన్న రూలునే ఇంకాస్త వివరంగా చూడటం. మాకు ఈ నాలుగు ముక్కలూ చెప్పడానికి ఆరోజు ఐదు నిమిషాలు కూడా పట్టేవి కావు, అదే నాకు ఇప్పటికీ బాధ.

ఇంకో సంగతి చెప్పి ముందుకెళ్తాను. అయనీకరణ శక్తి అన్నిటికంటే ఎక్కువ హీలియంకి, 2372. ఉన్నది ఒకటే వరుస, ముందు అడ్డం ఎవరూ లేరు. అంత గట్టిగా పట్టుకుంటుంది కాబట్టే మామూలుగా దేనితోనూ కలవదు, కలవదు కాబట్టే భూమ్మీద చాలాకాలం ఎవరి చేతికీ చిక్కలేదు. దాని జాడ ముందు సూర్యకాంతిలో ఒక పసుపు గీతగా బయటపడింది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణంతో మొదలైన కథ అది. ఆ గ్రహణాన్ని ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ చూసింది మన గుంటూరు నుంచి. భూమ్మీద దాన్ని పట్టుకోవడానికి బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త రామ్‌సే 1895 దాకా ఆగాల్సి వచ్చింది. గుంటూరు పిల్లల పాఠంలో ఈ మాట ఒక్క లైనైనా ఉండాలని నా కోరిక.

సరే, ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. బీరువాలో అక్షయ తృతీయకి కొన్న పది గ్రాముల బంగారు నాణెం ఉందని తెలుసు, అక్కని అడిగి అదీ, పూజ గదిలోంచి పది గ్రాముల వెండి నాణెమూ తెప్పించాను. రెండూ పిల్ల అరచేతిలో పెట్టాను. తూకం ఒకటే, కానీ వెండిది వెడల్పుగా, కాస్త మందంగా, అరచెయ్యి నిండా ఉంది. బంగారుది దాని పక్కన చిన్న బిళ్ల. "బంగారం బరువైంది కదా" అంది. ఎంత బరువైంది? వెండి సాంద్రత, అంటే ఒక ఘన సెంటీమీటర్ బరువు, 10.5 గ్రాములు, బంగారానిది 19.3. ఫోన్‌లో భాగించమన్నాను, 1.84 వచ్చింది. ఇప్పుడు పరమాణు భారాలు భాగించు అన్నాను, 197 కింద 108. 1.82. ఫోన్ వంక, నా వంక మార్చి మార్చి చూసింది.

ఆ రెండు అంకెలూ దాదాపు ఒకటే ఎందుకయ్యాయి? రెండు లోహాల్లోనూ పరమాణువులు ఒకే తీరున పేర్చి ఉంటాయి. పరమాణువుల సైజు కూడా ఒకటే అయితేనే ఒక ఘన సెంటీమీటర్‌లో రెండింటికీ ఒకే లెక్క పడతాయి, అప్పుడు బరువులో తేడా అంతా ఒక్కో పరమాణువు బరువులోని తేడానే. నిజంగానే రెండింటి వ్యాసార్థమూ 144 పికోమీటర్లు. ఇక్కడే ఆగి ఆలోచించాలి. రాగి, వెండి, బంగారం ఒకే గ్రూపు. రాగి 128, దాని కింద వెండి 144, రూలు ప్రకారమే పెరిగింది. దాని కింద బంగారం ఒక వరుస ఎక్కువ వేసుకుని కూడా ఒక్క పికోమీటరు పెరగలేదు. 47 ప్రోటాన్ల పరమాణువూ 79 ప్రోటాన్ల పరమాణువూ ఒకే సైజు! కంసాలి వెండినీ బంగారాన్నీ ఏ పాళ్లలో కరిగించినా చక్కగా కలిసిపోతాయి, ఒకదాని చోట ఇంకోటి ఇరుకు లేకుండా కూర్చోగలగడం అందుకు ముఖ్యమైన కారణం.

పెరగాల్సిన సైజు ఎక్కడ పోయిందంటే, పట్టిక కింద విడిగా వేస్తారు చూడండి, ఆ లాంథనైడ్ల వరుసలో పోయింది. అక్కడ సీరియం నుంచి లుటీషియం దాకా పద్నాలుగు మెట్లలో పద్నాలుగు ప్రోటాన్లు పెరుగుతాయి, వాటితోపాటు 4ఎఫ్ అనే ఇంకో రకం గదుల్లో ఎలక్ట్రాన్లు నిండుతాయి. ఎఫ్ ఎలక్ట్రాన్లు ముందు వరుసలోనే ఉన్నా చెల్లాచెదురుగా నిలబడ్డ జనం లాంటివి, వాళ్ల సందుల్లోంచి స్టేజీ కనపడుతూనే ఉంటుంది. లాగుడు పద్నాలుగు రెట్లు పెరిగిందని కాదు, పద్నాలుగు ప్రోటాన్లంత పెరిగింది, అడ్డు మాత్రం అంత పెరగలేదు. దీన్నే లాంథనైడ్ సంకోచం అంటారు. ఆ వరుస దాటి వచ్చిన ప్రతి మూలకమూ ఈ బిగింపుతోనే వస్తుంది. (బంగారం విషయంలో ఇంకో కారణం కూడా తోడైంది. అంత బరువైన కేంద్రకం దగ్గర లోపలి ఎలక్ట్రాన్లు కాంతి వేగంతో పోల్చదగినంత వేగంగా తిరుగుతాయి, దాంతో ఎస్ ఆర్బిటాళ్లు ఇంకాస్త ముడుచుకుంటాయి. బంగారానికి ఆ పసుపు రంగు కూడా అందువల్లే.)

లాంథనైడ్లు దాటగానే వచ్చే మొదటి మూలకం 72వది, హాఫ్నియం. దాని పైన జిర్కోనియం. జిర్కోనియం 160 పికోమీటర్లు, హాఫ్నియం 159. సైజు ఒకటే, బయటి ఎలక్ట్రాన్ల అమరికా ఒకటే, రెండూ కలిసేవి అవే వాటితో, అలాగే. రసాయనశాస్త్రంలో ఇంతకంటే కవలలు దొరకడం కష్టం. జిర్కోనియంని జర్మన్ రసాయన శాస్త్రవేత్త క్లాప్రోత్ గుర్తించింది 1789లో. అప్పటినుంచీ జిర్కోనియం పట్టుకున్న ప్రతివాడి చేతిలోనూ కాస్త హాఫ్నియం ఉంది, 134 ఏళ్లు ఎవరికీ తెలియలేదు. 72వది లాంథనైడ్ల జాతి కాదు, జిర్కోనియం జాతి అయ్యుండాలని నీల్స్ బోర్ సిద్ధాంతం చెప్పింది. కోస్టర్, హెవెషీ అనే శాస్త్రవేత్తలు జిర్కోనియం ఖనిజాల మీద ఎక్స్‌రేలు వేసి 1923లో పట్టుకున్నారు, కోపెన్‌హాగన్‌లో. ఆ ఊరి లాటిన్ పేరు హాఫ్నియా.

ఇక్కడిదాకా చెప్పి "నువ్వు రోజూ కాలేజీకి ఏ దారిలో వెళ్తావు?" అని అడిగాను. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ మీదుగా. అక్కడే ఉంది అణు రియాక్టర్లకి ఇంధనం తయారుచేసే న్యూక్లియర్ ఫ్యుయెల్ కాంప్లెక్స్, 1971 నుంచీ. బస్సు కిటికీలోంచి ఆ పొడవాటి గోడ రోజూ చూస్తుంది, లోపల ఏం చేస్తారో ఎప్పుడూ అనుకోలేదట. నేనూ అనుకోలేదు చదువుకునే రోజుల్లో. రియాక్టర్‌లో యురేనియం బిళ్లలను జిర్కోనియం మిశ్రమ లోహపు గొట్టాల్లో పెడతారు. ఎందుకంటే రియాక్టర్ నడిచేదే న్యూట్రాన్ల మీద, జిర్కోనియం ఆ న్యూట్రాన్లను దాదాపు ముట్టుకోదు, వాటిని దాటి పోనిస్తుంది. హాఫ్నియం అలా కాదు, జిర్కోనియం కంటే ఐదారు వందల రెట్లు ఎక్కువగా మింగేస్తుంది. ఎలక్ట్రాన్లను చూస్తే కవలలు, కేంద్రకాలను చూస్తే ఒకదానికొకటి పూర్తిగా ఉల్టా. సముద్రపు ఇసుకలో దొరికే జిర్కాన్ అనే ఖనిజంలోంచి (మన భీమునిపట్నం ఇసుకలోనూ ఉంటుంది) తీసిన జిర్కోనియంలో మామూలుగా రెండు శాతం దాకా హాఫ్నియం ఉంటుంది. రియాక్టర్‌కి పనికిరావాలంటే అది పదివేల భాగాల్లో ఒక భాగం కంటే తగ్గాలి.

ఏ రసాయనం వేసినా రెండూ కలిసే కదులుతాయి కదా, మరి విడదీయడమెలా? నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, కిరోసిన్‌లో కలిపిన ట్రైబ్యుటైల్ ఫాస్ఫేట్‌తో కలియబెడతారు. జిర్కోనియం ఆ నూనె వైపు కాస్త ఎక్కువగా మొగ్గుతుంది, హాఫ్నియం నీళ్లలో ఉండిపోవడానికి చూస్తుంది. ఒక్కసారికి పూర్తిగా విడిపోవు. అందుకే నూనెనూ నీళ్లనూ ఎదురెదురుగా పంపుతూ మళ్లీ మళ్లీ అదే పని చేస్తారు, ప్రతి దశకీ ఇంకొంచెం. పద్నాలుగు ఎఫ్ ఎలక్ట్రాన్లు సరిగ్గా అడ్డం నిలబడని పాపానికి, మౌలాలి పక్కన ఒక ఫ్యాక్టరీలో ఇంత పని.

పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. వెండి నాణెం ఇంకా చేతిలోనే ఉంది. తర్వాత అడిగింది, "తీసేసిన హాఫ్నియంని పారేస్తారా పిన్నీ?"

పారేయక్కర్లేదు. న్యూట్రాన్లను మింగడమే దాని గుణం కాబట్టి రియాక్టర్ వేగాన్ని తగ్గించే కంట్రోల్ రాడ్లకు అది బాగా పనికొస్తుంది, అణు జలాంతర్గాముల రియాక్టర్లలో దాన్నే వాడారు. అంటే ఇక్కడ ఇంత కష్టపడి విడదీసిన కవలలు అలాంటి రియాక్టర్‌లో మళ్లీ పక్కపక్కకే చేరతాయి, ఒకటి ఇంధనం చుట్టూ గొట్టమై, ఇంకోటి దాని పక్కన కడ్డీ అయి.