అగేట్ ఊళ్లో నా ఉద్యోగం

జర్మనీలో ఉద్యోగం అనగానే సాఫ్ట్‌వేరా అని అడుగుతారు. నాది రాళ్ల పని. ఇడార్-ఒబర్‌స్టైన్ అనే ఊళ్లో అగేట్ కోసి, రంగు పట్టించి, మెరుగుపెట్టే వర్క్‌షాప్ మాది.

అగేట్ అంటే పొరలు పొరలుగా పేరుకున్న సిలికా, క్వార్ట్జ్ జాతి రాయి. రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ కొలమానంలో ఇది 6.5 నుంచి 7. మామూలు చాకుతో గీస్తే గీత పడదు. అందుకే నగలతో పాటు ల్యాబుల్లో పొడి నూరే కల్వాలూ దీంతో చేస్తారు.

ఇక్కడి కొండల్లో రాయి ఎప్పుడో తరిగిపోయింది. 19వ శతాబ్దంలో బతుకుతెరువు కోసం బ్రెజిల్ వెళ్లిన ఈ ఊరివాళ్లకు అక్కడి రియో గ్రాండే దో సుల్ రాష్ట్రంలో అగేట్ కనబడింది. ఓడలకెక్కించి ఇక్కడికి పంపడం మొదలుపెట్టారు. ఇప్పటికీ ముడిరాయి ఎక్కువగా బ్రెజిల్, ఉరుగ్వేల నుంచే వస్తుంది. అందులో చాలా భాగం ఉత్త బూడిద రంగు.

నాకు బాగా నచ్చింది రంగుల గది. నల్లరంగు కావాలంటే రాయిని వారాల తరబడి చక్కెర పాకంలో నానబెట్టి, తర్వాత గంధకామ్లంలో వేడిచేస్తారు. సందుల్లోకి దిగిన చక్కెర అక్కడే మాడి బొగ్గవుతుంది. ఎరుపుకి ఇనుప లవణం పట్టించి కాలుస్తారు. ఒకే రాయిలో ఒక పొర రంగు పీలుస్తుంది, పక్క పొర ససేమిరా అంటుంది. చారలు అంత స్పష్టంగా తేలేది అందుకే. చూడ్డానికొచ్చిన వాళ్లంతా అడిగేది ఒకటే, ఇది సహజమైన రంగేనా అని. కాదనే చెబుతాం. చెప్పి అమ్మితే ఇందులో మోసమేమీ లేదని నా అభిప్రాయం.

దుమ్ము గురించి మాత్రం ఎవరూ అడగరు. ఒకప్పుడు ఏటి నీళ్లతో తిరిగే పెద్ద ఇసుకరాయి చక్రాల ముందు బోర్లా పడుకుని సాన పట్టేవారు. అలాంటి సానశాల ఒకటి ఇప్పుడు మ్యూజియం. టూరిస్టులు ఫొటోలు దిగుతారు, నాకేమో అక్కడ ఊపిరితిత్తులే గుర్తొస్తాయి. సన్నటి సిలికా ధూళి లోపలికి పోతే సిలికోసిస్ వస్తుంది, పాడైన ఊపిరితిత్తి మళ్లీ బాగుపడదు. అందుకే కోతైనా సానైనా తడి మీదే. బ్లేడు మీద నీళ్లు ఆగితే మిషన్ ఆపేయాల్సిందే. ఆర్డర్ ఎంత అర్జెంటైనా మా మేస్త్రి ఒప్పుకోడు.