రోమ్‌లో ఏజెంటు టికెట్లు, కొలోసియం గేటు: నా అనుభవం

రోమ్ నుంచి వచ్చి సూట్‌కేసులు ఇంకా పూర్తిగా విప్పలేదు. కోపం చల్లారకముందే ఇది రాసేయాలని కూర్చున్నాను. అమ్మానాన్నల్ని యూరప్ తీసుకెళ్ళాలనుకునేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. మాకు జరిగింది వాళ్ళకి జరగకూడదు.

వీసా సులువుగానే అయింది. మనిషికి 90 యూరోల ఫీజు, కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్సు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, నాన్న పెన్షన్ కాగితాలు, ఖర్చంతా నాదేనని నేనిచ్చిన లెటరు. అన్నీ ఒక ఫైల్లో వరసగా పెట్టుకుని వెళ్ళాం, ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యలేదు. హోటలు రోమ్‌లోని పెద్ద రైల్వే స్టేషన్ టెర్మినీ దగ్గర తీసుకున్నాం. ఫ్యూమిచినో ఎయిర్‌పోర్టులో లియొనార్డో ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కితే 32 నిమిషాల్లో అక్కడ దింపుతుంది. పెద్దవాళ్ళు వెంట ఉంటే స్టేషన్‌కి దగ్గర్లో ఉండటమే మంచిది.

ఇక కొలోసియం, అదే, పాత రోమన్లు పోటీలు చూడటానికి కట్టుకున్న పెద్ద రంగస్థలం. మా నాన్న సర్వీసంతా హైస్కూల్లో సోషల్ చెప్పారు. రోమన్ల పాఠం వచ్చినప్పుడు బోర్డు నిండా కొలోసియం బొమ్మ గీసేవారని ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు ఇప్పటికీ అంటారు. ఈ ప్రయాణంలో ఏది చూసినా చూడకపోయినా అది మాత్రం ఆయనకి చూపించాలి. మా ఫ్లైట్ టికెట్లు బుక్ చేసిన ఏజెంటు, "కొలోసియం మాకు వదిలెయ్యండి మేడం, క్యూ లేకుండా పంపించే టికెట్లు మా దగ్గర ఉన్నాయి" అన్నాడు. అసలు టికెట్ ధర 18 యూరోలు. అతను తీసుకున్నది దానికి మూడింతల పైనే. ఆ టికెట్లు మేం బయల్దేరే ముందు రాత్రి వాట్సాప్‌లో వచ్చాయి. చూస్తే వాటి మీద ముక్కూమొహం తెలియని వాళ్ళ పేర్లు! అప్పటికప్పుడు ఫోన్ చేసి అడిగాను. "అవి గ్రూప్ టికెట్లు మేడం, పేర్లు ఎవరూ చూడరు" అన్నాడు.

చూశారు. 2023 అక్టోబరు నుంచి కొలోసియం టికెట్ల మీద సందర్శకుల పేర్లు ఉంటాయి, గేటు దగ్గర పాస్‌పోర్టుతో సరిచూస్తారు. రోజూ అదే పని చేసే ఏజెంటుకి ఇది తెలియదంటే నేను నమ్మను.

గేటు దగ్గర ఉన్నావిడ టికెట్ చూసింది, నాన్న పాస్‌పోర్టు చూసింది, మళ్ళీ టికెట్ చూసింది. అడ్డంగా తల ఊపి ఇంకొకాయన్ని పిలిచింది. ఆయన "ఇవి మీకు ఎక్కడ దొరికాయి?" అని గట్టిగా అడిగాడు. వెనక పెద్ద క్యూ. అందరూ మావైపే చూస్తున్నారు. నాన్న ఆయన మామూలు మర్యాదతో, నెమ్మదిగా, మేం డబ్బు కట్టామనీ హైదరాబాద్ నుంచి వచ్చామనీ ఇంగ్లీషులో చెప్పబోయారు. సగం వినకుండానే పక్కకి జరగమని చెయ్యి చూపించారు. ఎవరి దగ్గరా అరువు పెన్ను కూడా తీసుకోని మనిషి ఆయన. దొంగ టికెట్లతో వచ్చినవాడిలా ఆయన్ని అంతమందిలో తాడుకి ఇవతల నిలబెట్టారు. అమ్మ చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని తల దించుకుంది. నేను ఏజెంటుకి ఫోన్ మీద ఫోన్ చేశాను. మన దగ్గర అప్పుడు మధ్యాహ్నమే, ఆఫీసు తెరిచే ఉంటుంది. చివరికి ఎత్తి, "గట్టిగా అడగండి మేడం, పంపిస్తారు" అన్నాడు. గేటు దగ్గరవాళ్ళని నేను తప్పుపట్టను, వాళ్ళ డ్యూటీ వాళ్ళు చేశారు. డబ్బు తీసుకుని ఒక పెద్దాయన్ని ఆ స్థితిలో నిలబెట్టినవాడి గురించే నా బాధ.

నాన్న ఒక్క మాట కూడా తూలలేదు. బయటి గోడ చుట్టూ మమ్మల్ని నడిపిస్తూ పాఠం చెప్పారు. వెస్పేసియన్ చక్రవర్తి మొదలుపెడితే ఆయన కొడుకు టైటస్ క్రీ.శ. 80లో ప్రారంభించాడట. కింద 80 ద్వారాలు, వాటిలో 76కి అంకెలు. జనం తమ చీటీ మీద ఏ అంకె ఉంటే ఆ ద్వారంలోంచి లోపలికి వెళ్ళేవారట. ఆ రోమన్ అంకెలు కొన్ని తోరణాల మీద ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆయన ఒక్కొక్కటీ వేలితో చూపిస్తుంటే నాకు కన్నీళ్ళు ఆగలేదు.

ఆ రాత్రి నేను అధికారిక సైట్ ముందు కూర్చున్నాను. మామూలు టికెట్లు ఒక్కటీ లేవు. చాలాసేపు వెతగ్గా వెతగ్గా, మేం తిరిగి వచ్చే ముందు రోజుకి గైడ్‌తో కలిపి ఇచ్చే టికెట్లు దొరికాయి. ముగ్గురి పేర్లూ ఇంటిపేరుతో సహా పాస్‌పోర్టులో ఉన్నట్టే కొట్టాను. ఇనీషియల్‌తో సరిపెట్టకండి. మళ్ళీ అదే గేటు దగ్గరికి వెళ్తే నిమిషంలో లోపలికి పంపారు. లోపల గైడ్ అడిగిన ప్రశ్నలకి మా నాన్నే ముందు జవాబు చెప్పారు. ఆయన అరేనా వైపు చూస్తూ నిలబడినప్పుడు తీసిన ఫొటోనే ఇప్పుడు మా ఇంట్లో అందరి ఫోన్ల మీదా ఉంది.

ఏజెంటు సగం డబ్బు తిరిగిచ్చాడు. మిగతాది వదిలిపెట్టే ఉద్దేశం నాకు లేదు, వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళడానికి కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాను. ఇది మన ఏజెంట్ల దగ్గరే ఉన్న జబ్బు కూడా కాదు. కొలోసియం టికెట్లని ముందే ఊడ్చేసి ఎక్కువ ధరకి టూర్లలో కలిపి అమ్ముతున్నారని ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ 2025 ఏప్రిల్‌లో కొన్ని కంపెనీలకి దాదాపు 2 కోట్ల యూరోల జరిమానా వేసింది. అధికారిక సైట్‌లో టికెట్లు 30 రోజుల ముందు వదులుతారు. ఆ రోజు క్యాలెండర్లో రాసుకుని మీరే కూర్చోండి.

మిగతావన్నీ నేనే స్వయంగా బుక్ చేశాను, ఎక్కడా ఒక్క పైసా ఎక్కువ పెట్టలేదు. వాటికన్ మ్యూజియంలకి ముందే టైమ్ తీసుకోవాలి. ఆదివారాలు మూసేస్తారు. నెలలో చివరి ఆదివారం మాత్రం తెరుస్తారు, ఆ రోజు ఉచితమే కానీ ఆ జనంలో పెద్దవాళ్ళు నిలబడలేరు. పాంథియన్ అనే పాత రోమన్ గుడికి మేం వెళ్ళినప్పుడు 5 యూరోలు. సెయింట్ పీటర్స్ చర్చికి టికెట్ లేదు, భుజాలూ మోకాళ్ళూ కప్పుకుని వెళ్ళాలి. నీళ్ళ సీసాలు కొనకండి. వీధుల్లో ఎక్కడపడితే అక్కడ నసోనే అనే కుళాయిలు ఉంటాయి, చల్లటి మంచినీళ్ళు వస్తూనే ఉంటాయి.

తిండి సంగతి ముందే చదువుకుని వెళ్ళడం మాకు చాలా మేలు చేసింది. అమ్మ మాంసం ముట్టదు, నాన్న తింటారు. రోమ్ పాస్తాల్లో పేరున్న కార్బొనారా, అమత్రిచానా, గ్రిచా మూడింట్లోనూ పంది దవడ మాంసం పడుతుంది. నాలుగోది కాచో ఎ పెపె, అందులో చీజ్, మిరియాలే. అయితే ఆ పెకొరీనో రొమానో చీజ్ తయారీలో పాలు విరగడానికి గొర్రెపిల్ల కడుపు నుంచి తీసిన రెన్నెట్ అనే పదార్థం వాడతారు. అది తెలిసి అమ్మ వద్దంది. పట్టింపు ఉన్నవాళ్ళకి ఈ విషయం ముందే చెప్పాలి, తిన్న తర్వాత చెప్పకూడదు. అమ్మకి నచ్చినవి రెండు. ఒకటి తూకం వేసి అమ్మే పిజ్జా రోస్సా, చీజ్ లేకుండా టమాటా మాత్రమే ఉంటుంది. రెండోది యూదుల పేటలో ఆర్టిచోక్ అనే మొగ్గలాంటి కూరగాయని నూనెలో వేయించే కార్చోఫి అల్లా జూదియా. మేం వెళ్ళింది మార్చిలో, దానికి అదే సీజను. వేగిన రేకులు కరకరలాడుతుంటే అమ్మ రెండోసారి అడిగి మరీ తిన్నది. పుంతరెల్లె అనే ఆకుకూర సలాడ్ మాత్రం పెద్దవాళ్ళకి పెట్టేముందు అడగండి, అందులో ఆంకోవీ చేపలు కలుపుతారు.

నాన్న కోసం టెస్టాచ్చో అనే పేటకి వెళ్ళాం. ఒకప్పుడు అక్కడ పెద్ద కబేళా ఉండేది. అందుకే పేగులూ తోకా వండటంలో ఆ పేటకి పేరు. త్రిప్పా అల్లా రొమానా అంటే టమాటా, పుదీనా జాతి ఆకు, పెకొరీనో వేసి వండిన బోటి కూరే. మా నానమ్మ వండిన బోటి తిని పెరిగిన మనిషి, బ్రెడ్డుతో గిన్నె అడుగు దాకా తుడిచి తిన్నారు. మంచి భోజన హోటళ్ళు చాలావరకు రాత్రి భోజనానికి ఏడున్నరకి ముందు తెరవవు, కాబట్టి పెద్దవాళ్ళకి మధ్యాహ్నమే కడుపునిండా పెట్టించండి. టెస్టాచ్చో మార్కెట్‌కి పొద్దున్నే వెళ్ళండి, ఆదివారం ఉండదు.