బకెట్‌లో మిగిలిన పరకలు

మృగశిర కార్తె వెళ్ళిన వారానికి, వాన పడలేదు గానీ మబ్బు మాత్రం బాగా పట్టింది కదా అని, నేనూ మా బావా శంకర్‌పల్లి వైపు ఒక చెరువుకి గాలాలు తీసుకుని బయల్దేరాం. చెరువు సొసైటీ వాళ్ళకి ముందే చెప్పి ఉంచాను. ఎర నా పూచీ. పొద్దున్నే మా కాలనీ వెనక కుంటలో పాత దోమతెరతో పట్టిన పరకలు, అంటే చిన్న చేపలు, బకెట్‌లో ఓ ముప్పై దాకా ఉంటాయి. కొర్రమీనుకి బతికున్న పరకని మించిన ఎర లేదని నా నమ్మకం.

సాయంత్రం దాకా కూర్చుంటే పడ్డవి రెండు. అవీ జిలేబీ చేపలే. సరే అని సర్దుకుంటూ బకెట్‌ని చెరువులోకి వంచబోయాను, చిన్నప్పటినుంచీ చేస్తున్న పనే, పాపం మిగిలినవైనా బతుకుతాయి కదా అని. బావ గబుక్కున చెయ్యి పట్టుకున్నాడు. "మా దగ్గర ఇలా చేస్తే ఫైన్ వేస్తారు బామ్మర్దీ" అన్నాడు.

వాళ్ళ దగ్గర అంటే అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం. అక్కడ ఎర చేపల్ని లైసెన్స్ ఉన్న దుకాణంలో కొనుక్కుంటారట. మిగిలితే ఇంటికి తెచ్చుకుని మళ్ళీ అదే చెరువులో వాడుకోవచ్చు, కానీ ఒక్కసారి వాటి బకెట్‌లో ఆ చెరువు నీళ్ళు కలిస్తే వేరే చెరువుకి పట్టుకెళ్ళడానికి వీల్లేదు. పడవలో నిలిచిన నీళ్ళు కూడా ఒడ్డునే పారబోసి కదలాలి. మొదట విన్నప్పుడు నవ్వొచ్చింది, చేపకి కూడా క్వారంటైనా అని.

కారణం వీహెచ్‌ఎస్ అనే వైరస్. చేపలకి లోపలా బయటా రక్తస్రావమై చచ్చిపోతాయి, మనుషులకి మాత్రం ఏమీ కాదు. 2005, 2006లలో అమెరికా, కెనడా మధ్యనున్న పెద్ద సరస్సుల్లో చేపలు కుప్పలుగా తేలాయి. 2006 అక్టోబర్‌లో అమెరికా కేంద్ర ప్రభుత్వం ఆ సరస్సుల చుట్టూ ఉన్న ఎనిమిది రాష్ట్రాల నుంచి, ఈ రోగం సోకే జాతుల చేపల్ని బతికుండగా బయటికి తరలించకుండా కట్టడి పెట్టింది. అయినా 2007 మే నెలకల్లా విస్కాన్సిన్‌లోని విన్నెబాగో సరస్సులో కనబడింది. ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా ఆ వైరస్ పూర్తిగా చావదట, అందుకే చచ్చిన ఎర అయినా అనుమానమే.

మన దగ్గర ఆ వైరస్ గురించి టెన్షన్ అక్కర్లేదు. దానికి చల్లటి నీళ్ళు కావాలి, మన ఎండలకి అది నిలవలేదు. కానీ చేపలకొచ్చే పుండ్ల రోగం మనకి కొత్తేం కాదు. 1988లో ఈశాన్య రాష్ట్రాల వైపు నుంచి దేశంలోకి వచ్చి, తర్వాత రెండు మూడేళ్ళలో చాలా రాష్ట్రాలకి పాకింది. అది వైరస్ కాదు, నీళ్ళలో ఈదుకుంటూ వెళ్ళే ఒక రకం బూజు. చలికాలంలో విజృంభిస్తుంది, ఒంటి మీద ఎర్రటి మచ్చ మొదలై కండ దాకా తినేస్తుంది, బజార్లో అలాంటి చేపని చూస్తే జనం ఆమడ దూరం పోతారు. దానికి ముందుగా బలయ్యే వాటిలో మన కొర్రమీను ఒకటి. రాష్ట్ర చేప అని గొప్పగా చెప్పుకునేది దాన్నే.

నేనూ ఊరుకోలేదు, వాదించాను. మనవి గొలుసుకట్టు చెరువులు బావా, పైది మత్తడి దూకితే కిందది నిండుతుంది, రోగం ఎలాగూ నీళ్ళతో పాటే పోతుంది, మధ్యలో నా బకెట్‌దేముంది అన్నాను. నీళ్ళు కిందికి మాత్రమే పోతాయి, నీ బకెట్ స్కూటర్ ఎక్కి పైకి కూడా పోతుంది అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. మరి చేప పిల్లల్ని తెచ్చి పోసే లారీల సంగతేంటి, ఒక్క లారీ ముందు నా ముప్పై పరకలు ఎంత అంటే, లారీని ఆపి చూడొచ్చు, నిన్నెవడు ఆపుతాడు అన్నాడు. ఈ మాట కొంతవరకే ఒప్పుకుంటాను. లారీని కూడా ఆపి చూస్తున్నదెవరు?

ఆస్ట్రేలియాలో 2016 చివర్లో క్వీన్స్‌లాండ్ రొయ్యల చెరువుల్లోకి తెల్లమచ్చల వైరస్ వచ్చింది. మన కోస్తా రైతుల్ని 1994 ప్రాంతంలో ముంచిన వైట్ స్పాటే. వండుకోవడానికి దిగుమతి చేసిన పచ్చి రొయ్యల్ని ఎవరో గాలానికి ఎరగా గుచ్చి ఉంటారని గట్టి అనుమానం, ఖాయంగా తేలలేదు. అయినా ఆ ప్రాంతం నుంచి పచ్చి రొయ్యలు బయటికి పోకుండా ఆంక్షలు పెట్టారు. ఇరవై రూపాయల ఎర, కోట్ల రూపాయల చెరువులు.

చివరికి బకెట్ నీళ్ళు చెరువుకి దూరంగా, గట్టు అవతల ఎండిన మడిలో పారబోశాం. పరకల్ని కవర్‌లో వేసి ఇంటికి తెచ్చాం. అక్క వాటిని కడిగి, పసుపూ కారం పట్టించి కరకరలాడేలా వేయించి పెట్టింది. బావ మూడోసారి వడ్డించుకుంటూ, "పట్టిన వాటికన్నా ఎరే బాగుందిరా" అన్నాడు.