మామిడి బటర్ పేరుతో వచ్చిన డబ్బా: ఇంట్లో క్రీములకు బటర్లు ఎంచుకున్న నా అనుభవం

నిన్న సాయంత్రం, కల్తీ మామిడి బటర్ డబ్బాకు కట్టిన డబ్బు వెనక్కి పడినట్టు బ్యాంకు మెసేజ్ వచ్చింది. కోపం మాత్రం ఇంకా తగ్గలేదు. అది చల్లారకముందే రాసేస్తున్నాను, ఇంట్లో బాడీ బటర్, పాదాల బామ్ చేసుకోవాలనుకునే వాళ్లకు పనికొస్తుంది.

మాది విజయవాడ. మా అత్తయ్యకు కార్తీకం వచ్చిందంటే మడమలు పగిలి నెత్తురు కనిపిస్తుంది. కొన్న క్రీముల వాసన ఆవిడకు పడదు. మా అమ్మాయికేమో హైదరాబాద్‌లో రోజంతా ఏసీ ఆఫీసు, మోచేతులు పొడిబారి తెల్లగా అయిపోతాయి. నువ్వుల నూనె, ఆముదం ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి. కానీ నూనె రాసుకుంటే చీరకు అంటుతుంది, పెద్దావిడ గచ్చు మీద జారుతుందేమోనని టెన్షన్. డబ్బాలో గట్టిగా ఉండి, ఒంటి వేడికి కరిగేది కావాలి. గింజల నుంచి తీసే బటర్లు సరిగ్గా అలాంటివే.

కోకో బటర్‌తో ఇబ్బందేమీ రాలేదు. మా పుట్టింటి వైపు, ఏలూరు జిల్లాలో, కొబ్బరి తోటల్లో అంతరపంటగా కోకో వేస్తారు కాబట్టి ఆ గింజ నాకు కొత్త కాదు. గట్టిగా ఉంటుంది, 34 నుంచి 38 డిగ్రీల మధ్య కరుగుతుంది. చాక్లెట్ వాసన వద్దనుకుంటే వాసన తీసేసిన రకం అడగండి. మొటిమలు వచ్చే ముఖానికి మాత్రం నేను రాయను.

షియా అనే చెట్టు గింజల బటర్ పశ్చిమ ఆఫ్రికాది. ఘనా, బుర్కినా ఫాసో వైపు ఆడవాళ్లు అడవి చెట్ల కింద కాయలు ఏరి, పప్పు వేయించి, నూరి తీస్తారు. అందుకే శుద్ధి చేయని షియాలో కాస్త పొగ వాసన, లేత పసుపు రంగు ఉంటాయి. తెల్లగా, వాసన లేకుండా ఉన్నది రిఫైన్డ్. నేను మొదటిదే వాడతాను. దీనితో ఒకటే చిక్కు: కరిగించి గది వేడిలో వదిలేస్తే మెల్లగా చల్లారుతూ నెయ్యిలా పూస కడుతుంది. అందులో ఉన్న స్టియరిక్ అనే గట్టి కొవ్వు భాగం ముందుగా గడ్డకట్టడం వల్ల వచ్చే తేడా తప్ప చెడిపోవడం కాదు. నీళ్లగిన్నెలో గిన్నె పెట్టి పూర్తిగా కరిగించి, వెంటనే ఐసు నీళ్లలో గానీ ఫ్రిజ్‌లో గానీ పెడితే నున్నగా వస్తుంది.

ఇప్పనూనె సంగతి కూడా చెప్పాలి. ఆదిలాబాద్ ఏజెన్సీలో దీపానికీ, వంటకీ, ఒంటికీ వాడే నూనె అది. ఇప్ప, షియా రెండూ సపోటా కుటుంబం చెట్లే అని తెలిసినప్పుడు నాకు ఎంత సంతోషమో! కానీ అది 30 డిగ్రీల లోపే కరిగిపోతుంది. విజయవాడలో చలికాలం తెల్లవారుజామున తప్ప గడ్డకట్టదు. అందుకే నేను దాన్ని బటర్‌గా కాక, బటర్‌లో కలిపే నూనెగా వాడుకుంటున్నాను.

ఇక అసలు విషయం మామిడి బటర్.

టెంక పగలగొడితే లోపల ఉండే జీడి నుంచి తీసే కొవ్వు ఇది. శుద్ధి చేసినది దాదాపు వాసన లేకుండా, లేత దంతపు రంగులో ఉంటుంది. షియా కంటే జిడ్డు తక్కువ, అమ్మాయికి బాగుంటుందనుకున్నాను. చిత్తూరు జిల్లాలో గుజ్జు ఫ్యాక్టరీలు ఉన్న రాష్ట్రంలో ఉంటూ ఇది ఆన్‌లైన్‌లో కొనాల్సి రావడమే నాకు బాధ. సరే, 'నూరు శాతం స్వచ్ఛం' అని రాసి ఉన్న కిలో డబ్బా తెప్పించాను.

అది మే నెల. మధ్యాహ్నం వంటింటి అలమరలో కోకమ్ (పడమటి తీరంలో పండే పుల్లని పండు) గింజల బటర్ కూడా మెత్తబడి అంచుల్లో కరుగుతోంది. ఈ డబ్బా మాత్రం రాయిలా ఉంది. వేలితో గీస్తే పొడి రాలింది, చేతికి రాస్తే తెల్లటి పొర మిగిలింది. నిజమైన మామిడి బటర్ ఒంటి వేడికి దగ్గర్లోనే కరిగిపోవాలి. చిన్న గాజు గ్లాసులో చెంచాడు వేసి, గ్లాసును గోరువెచ్చని నీళ్లలో పెట్టి, థర్మామీటర్ చూస్తూ నెమ్మదిగా వేడి పెంచాను. 45 దాటినా ముద్ద ముద్దగానే ఉంది. మొత్తం వీడియో తీశాను. నేను బీఎస్సీ కెమిస్ట్రీలో కాలేజీ ఫస్టు, థర్మామీటర్ ఎలా పట్టుకోవాలో నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

డబ్బా మీదున్న నంబరుకు ఫోన్ చేసి, ఈ బ్యాచ్ సీఓఏ పంపండి అని మర్యాదగా అడిగాను. సీఓఏ అంటే ఆ సరుకును పరీక్షించి ఇచ్చే కాగితం. అవతలి అతను, "ఒక్క కిలో కొన్నదానికి సీఓఏ ఏంటమ్మా? యూట్యూబ్ చూసి అందరూ సైంటిస్టులైపోతున్నారు" అన్నాడు. అంతటితో ఆగలేదు. ఫోన్ పక్కకు పెట్టి, "ఆంటీ ఇంట్లో ల్యాబ్ పెట్టిందంట్రా" అని ఎవరితోనో అన్నాడు. ఇద్దరు ముగ్గురి నవ్వు వినిపించింది. పక్కనే మా అత్తయ్య కూర్చుని ఉన్నారు, స్పీకర్‌లో అంతా విన్నారు. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడే, "వదలకమ్మా, అడుగు" అన్నారు.

వదల్లేదు. మళ్లీ మళ్లీ మెయిల్ పెడితే ఒక కాగితం వచ్చింది. దాని మీద బ్యాచ్ నంబరు నా డబ్బా మీది కాదు. కరిగే ఉష్ణోగ్రత గడిలో అంకె లేదు, 'పాస్' అని ఉంది. ఏ అంకెకు పాస్? పదార్థం పేరు దగ్గర మామిడి శాస్త్రీయ నామంతో 'మ్యాంజిఫెరా ఇండికా సీడ్ బటర్' అని ఉండాలి, ఉత్త 'మ్యాంగో బటర్' అని ఉంది. అమ్మిన వెబ్‌సైటు కస్టమర్ కేర్ వాళ్లు సీలు తీసిన సరుకు వెనక్కి తీసుకోం అని ఒకటే పాట. సీలు తీయకుండా లోపల ఏముందో ఎలా తెలుస్తుందండీ?

2020లో వచ్చిన ఈ-కామర్స్ వినియోగదారుల నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఆ మాట రాసి మెయిల్ పెట్టి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు, ఓపిగ్గా రాసుకున్నారు. లేబుల్ ఫొటోలు, వీడియో, ఆ పనికిరాని కాగితం అన్నీ జతచేశాను. అప్పుడు అమ్మినవాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకున్నారు: అది 'బ్లెండ్' అట, అందులో హైడ్రోజినేటెడ్ వెజిటబుల్ ఆయిల్ ఉందట. అంటే వనస్పతి జాతి కొవ్వు.

అవకాడో బటర్, బాదం బటర్ అని అమ్మేవి కూడా చాలావరకు ఇంతే. అవకాడో నూనె, బాదం నూనె గది వేడిలో ద్రవాలు, వాటిని గట్టిపరచడానికి హైడ్రోజినేటెడ్ కొవ్వు కలుపుతారు. కలిపారని రాసి అమ్మితే నాకు అభ్యంతరం లేదు. ఇష్టమైనవాళ్లు కొనుక్కుంటారు. తినే నెయ్యిలో కల్తీ అంటే ఊరంతా లేస్తుంది, పగిలిన మడమకు రాసుకునేదాని గురించి ఎవరూ అడగరు. అడగాలి. కిలో కొన్నా, వంద గ్రాములు కొన్నా అడగాలి. నవ్వితే నవ్వనీయండి.

చివరికి మా ఇంట్లో నిలిచింది కోకమ్. రత్నగిరి, గోవా, కర్ణాటక తీరంలో పండే గింజ. గోవా పల్లెల్లో తరతరాలుగా కాళ్ల పగుళ్లకు రాసేది ఇదే. పెళుసుగా ఉంటుంది, 40 డిగ్రీల దగ్గర్లో కరుగుతుంది, వాసన ఉండదు. మన ఎండలకు ఇంతకంటే మంచిది నాకు కనిపించలేదు. నా కొలత వందకు షియా 50, కోకమ్ 25, నువ్వుల నూనె 25. మేలో దీన్ని గిలక్కొట్టి నురగలా చేయకండి, గదిలో 42 దాటితే కోకమ్ కూడా కరిగి కూర్చుంటుంది. వేసవిలో నూనె తగ్గించి వందకు 8 పాళ్లు తేనెమైనం వేస్తాను, అది 62 డిగ్రీలు దాటితే గానీ కరగదు.

రోజ్‌వాటర్, కలబంద గుజ్జు కలపమని చాలామంది చెబుతారు. నీరు చేరితే బూజు, బ్యాక్టీరియా వస్తాయి, ప్రిజర్వేటివ్ తప్పనిసరి. విటమిన్ ఇ నూనెను పాడైన వాసన రాకుండా కాపాడుతుంది, బూజును ఆపదు. మామిడి సొన, జీడిపప్పు పడనివాళ్లు మామిడి బటర్‌ను మోచేతి మడతలో రాసి రెండు రోజులు చూసుకోవాలి, రెండూ ఒకే కుటుంబం.

మా వీధిలో వాళ్లు డబ్బులిస్తాం, మాకూ చేసిపెట్టమంటున్నారు. అమ్మాలంటే కాస్మెటిక్స్ రూల్స్ 2020 కింద రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుంచి లైసెన్సు ఉండాలి. అది లేకుండా అమ్మను. కావాలన్నవాళ్లకు కొలతలు రాసిస్తున్నాను, కోకమ్ కొనేటప్పుడు బ్యాచ్ నంబరుతో సహా సీఓఏ అడగమని ఆ కాగితం మీదే పెద్ద అక్షరాలతో రాస్తున్నాను.